ఒకే తప్పుకు వెయ్యి మెయిళ్లు రాకుండా పైథాన్ లాగింగ్‌కు కళ్లెం వేయడం ఎలా?

ఒక రాత్రి డేటాబేస్ పాస్‌వర్డ్ మార్చాను. ప్రోగ్రాం సెట్టింగుల్లో మాత్రం మార్చడం మరచిపోయి పడుకున్నాను. ప్రోగ్రాం రెండు సెకన్లకోసారి డేటాబేస్ తలుపు తట్టింది, తట్టిన ప్రతిసారీ విఫలమైంది, జరిగినవి నమోదు చేసే లాగింగ్ ఏర్పాటు ప్రతిసారీ నాకొక మెయిల్ పంపింది. ఆ లెక్కన గంటకు 1,800, ఎనిమిది గంటల నిద్రకు 14,400. అన్నీ రాలేదు లెండి. మెయిల్ సేవ వాళ్లు మధ్యలోనే మా ఖాతాను ఆపేశారు. అసలు దెబ్బ అక్కడే తగిలింది. తెల్లవారుజామున సర్వర్ డిస్కు నిండిపోయింది, ఆ కబురు మోసుకురావడానికి ఖాతా లేదు.

ఇలాంటి అనుభవం ఎదురైనవాళ్లు తరచూ ఒకే ప్రశ్న వేస్తుంటారు: ‘లాగింగ్ మెయిళ్లు ముంచెత్తుతున్నాయి, ఎలా తగ్గించాలి?’ చాలామంది చేసే పని హ్యాండ్లర్ (లాగ్ సందేశాన్ని ఫైలుకో మెయిల్‌కో చేర్చే భాగం) స్థాయిని ఎర్రర్ నుంచి అంతకంటే తీవ్రమైన క్రిటికల్‌కు పెంచడం, లేదా మెయిళ్లన్నీ నేరుగా ఏదో ఒక ఫోల్డర్‌లో పడేలా నియమం పెట్టడం. రెండూ కళ్లు మూసుకోవడమే. ఇక్కడ చేయబోయేది వేరు, ఏ కబురు వెళ్లాలో ఏది ఆగాలో తేల్చే ఫిల్టర్ ఒకటి రాయడం: ప్రతి రకం తప్పుకూ మొదటి కబురు వెంటనే రావాలి, తర్వాత 15 నిమిషాలు మౌనం, ఆ తర్వాత అదే తప్పు మళ్లీ జరిగితే ‘ఈలోగా ఇన్నిసార్లు జరిగింది’ అన్న లెక్కతో ఇంకొక్కటి.

కోడ్‌ను ఇక్కడ అచ్చంగా దించడం లేదు. మొత్తం కలిపినా యాభై వరుసలు దాటని పని. ఏ వరుస ఏం చేయాలో, ఎందుకు చేయాలో తెలిస్తే మీ ప్రోగ్రాంకు తగ్గట్టు మీరే రాసుకోగలరు. ఎక్కడో దొరికింది అతికించుకున్నవాళ్లే కింద చెప్పబోయే గుంటల్లో ఎక్కువగా పడుతున్నారు.

కావలసినవి

– పైథాన్ 3.8 లేదా ఆపై వెర్షన్.
– మీ ప్రోగ్రాంలో లాగింగ్ హ్యాండ్లర్లను ఏర్పాటు చేసిన ఫైలు ఎక్కడుందో తెలిసి ఉండాలి. జాంగో అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్‌లో అయితే సెట్టింగుల ఫైలులోని లాగింగ్ డిక్షనరీ.
– ఏ కళ్లెమూ లేని ఫైలు లాగ్ ఒకటి. ఇది లేకుండా మొదలుపెట్టకండి. మెయిల్‌లో ఆపేసిన ప్రతి వరుసా ఎక్కడో ఒకచోట ఉండాలి. డిస్కు నిండకుండా పరిమాణాన్ని బట్టి ఫైళ్లు మారే రొటేటింగ్ హ్యాండ్లర్ వాడండి.
– పరీక్షకు ఉత్తుత్తి మెయిల్ సర్వర్. పైథాన్‌తోపాటే వచ్చే ఎస్‌ఎంటీపీడీ మాడ్యూల్‌ను 3.12లో తీసేశారు. దాని బదులు ఏఐఓఎస్‌ఎంటీపీడీ ప్యాకేజీ పెట్టుకోండి. అది మామూలుగా మీ యంత్రంలోనే 8025 పోర్టులో నిలబడి, వచ్చిన మెయిళ్లను తెరమీద చూపిస్తుంది, బయటికి పంపదు.

1. ముందు, ఒక్కటే రెండుగా వస్తోందేమో చూడండి

ఒక్క తప్పుకు రెండేసి, మూడేసి మెయిళ్లు వస్తుంటే అది వేగం సమస్య కాదు. అదే హ్యాండ్లర్‌ను రూట్ లాగర్‌కూ (సందేశాలు అందుకునే లాగర్లన్నిటికీ పైది), దాని కింది లాగర్‌కూ తగిలించి ఉంటారు. కింద పుట్టిన రికార్డు (ఒక్కో లాగ్ సందేశం) పైకి కూడా పాకుతుంది కాబట్టి రెండుసార్లు వెళుతుంది. లేదా లాగర్‌ను తెచ్చిచ్చే ఫంక్షన్ ఏదో పిలిచిన ప్రతిసారీ కొత్త హ్యాండ్లర్‌ను జోడిస్తూ ఉంటుంది. పదిసార్లు పిలిస్తే పది మెయిళ్లు. రూట్ లాగర్‌లోనూ, మీ లాగర్‌లోనూ ఉన్న హ్యాండ్లర్ల జాబితాలను ఒకసారి తెరమీద చూడండి. ఇది సరిచేయగానే సగం మంది సమస్య తీరిపోతుంది.

2. దేనికి కళ్లెం వేయాలో, దేనికి వేయకూడదో తేల్చుకోండి

మనిషిని పిలిచే దారులకు మాత్రమే వేయండి: మెయిల్, ఫోను సందేశం, చాట్ గదిలో పడే కబురు. ఫైలుకు వద్దు. డబ్బు లావాదేవీల జాడ, ఎవరు ఎప్పుడు లాగిన్ అయ్యారన్న జాడ వంటి వాటి దరిదాపులకు కూడా ఈ ఫిల్టర్‌ను రానీయకండి. అక్కడ ఒక్క వరుస తగ్గినా తర్వాత సంజాయిషీ చెప్పుకోవలసింది మీరే.

3. ‘ఒకే రకం’ అంటే ఏమిటో నిర్ణయించండి

ఎక్కువ సమయం ఇక్కడ పెట్టండి. ఊళ్లో చాటింపు వేసే మనిషి వీధికొకసారి చెబుతాడు, గడపగడపకూ ఆగడు. మీ ఫిల్టర్‌కు కూడా వీధి ఏదో, గడప ఏదో తెలియాలి. దీన్ని గుర్తు అందాం. ప్రతి రికార్డు నుంచీ ఒక గుర్తు తయారుచేసి, గుర్తు ఒకటే అయితే రకం ఒకటే అనుకుంటాం.

అందరికీ మొదట తట్టేది సందేశం పాఠాన్నే గుర్తుగా వాడటం. ‘ఆర్డరు 48213 విఫలమైంది’, ‘ఆర్డరు 48214 విఫలమైంది’ అని వస్తుంటే ప్రతిదీ కొత్త రకమే అవుతుంది, ఒక్కటీ ఆగదు. విలువలు నింపని మూస పాఠం రికార్డులోని ఎంఎస్‌జీ గుణంలో ఉంటుంది కాబట్టి దాన్ని వాడవచ్చు. కానీ మీ బృందంలో ఎవరైనా ఎఫ్ స్ట్రింగులతో సందేశం రాస్తే లాగింగ్‌కు చేరేసరికే అంకెలు అందులో కలిసిపోయి ఉంటాయి. రాయకుండా ఎవరుంటారు?

అందుకని నేను వాడే గుర్తు ఇది: సందేశం పుట్టిన ఫైలు పేరు, వరుస సంఖ్య, స్థాయి. మూడూ రికార్డులో సిద్ధంగా ఉంటాయి. దీనికి రెండు మినహాయింపులు ఉన్నాయి.

మొదటిది: ఎక్కడా పట్టుకోని ఎక్సెప్షన్లను (నడుస్తుండగా లేచే తప్పులను) జాంగో, ఫ్లాస్క్ వంటివి తమలోని ఒకే చోట పట్టుకుని లాగ్ చేస్తాయి. ఫైలూ వరుసా చూస్తే అన్నీ ఒకే రకంగా కనిపిస్తాయి. డేటాబేస్ పడిపోవడమూ, ఎవరో సున్నాతో భాగించడమూ ఒకే గుర్తు కిందికి వచ్చి, రెండోది మొదటిదాని చాటున మాయమవుతుంది. కాబట్టి రికార్డులో ఎక్సెప్షన్ సమాచారం ఉంటే దాని రకాన్నీ, ట్రేస్‌బ్యాక్‌లో (తప్పు దాకా దారితీసిన పిలుపుల జాబితాలో) అన్నిటికంటే లోపలి చోటి ఫైలు, వరుసలనూ గుర్తుకు చేర్చండి.

రెండోది: లాగింగ్‌ను చుట్టి మీరు సొంత ఫంక్షన్ రాసుకుని ఉంటే ప్రతి సందేశమూ ఆ ఫంక్షన్ వరుసలోనే పుట్టినట్టు నమోదవుతుంది. లోపలి పిలుపులో స్టాక్‌లెవెల్ అన్న విలువను 2గా ఇస్తే అసలు పిలిచిన చోటు నమోదవుతుంది. ఈ వసతి 3.8 నుంచి ఉంది.

4. విరామం ఎంతో ఎంచుకోండి

ఒక్కో రకానికి 900 సెకన్లు, అంటే 15 నిమిషాలు, నాకు కుదిరిన అంకె. గంటకు నాలుగు మెయిళ్లు అంటే ‘ఇంకా జరుగుతోంది’ అని తెలియడానికి చాలు, విసుగు పుట్టించదు. రాత్రి ఫోను మోగే ఏర్పాటు ఉన్నవాళ్లు గంటకు పెంచుకోండి. ఒక నిమిషం పెట్టుకుంటే మాత్రం ఎనిమిది గంటలకు 480 మెయిళ్లు. కళ్లెం వేసి ప్రయోజనం ఏముంది?

దీనితోపాటు మొత్తానికి ఒక పైహద్దు పెట్టండి: అన్ని రకాలూ కలిపి గంటకు 20 చాలు. నెట్‌వర్క్ పోయినప్పుడు యాభై చోట్ల యాభై రకాల తప్పులు ఒకేసారి లేస్తాయి, అన్నీ ‘మొదటిసారి’ అంటూ దూసుకొస్తాయి. మామూలు జీమెయిల్ ఖాతా నుంచి రోజుకు 500 మందికి మించి మెయిళ్లు పోవని గుర్తుంచుకోండి. ఒక్క కబురు ఐదుగురికి పంపితే అందులో ఐదు ఖర్చయినట్టే.

5. ఫిల్టర్ రాయండి

లాగింగ్ మాడ్యూల్‌లోని ఫిల్టర్ క్లాసు నుంచి మీ క్లాసును తీసుకోండి. అందులో ఉంచుకోవలసినవి: విరామం, ఒక లాక్ (ఒకేసారి రెండు థ్రెడ్లు లోపలికి రాకుండా ఆపేది), ఒక ఖాళీ డిక్షనరీ. డిక్షనరీలో ప్రతి గుర్తుకూ ఎదురుగా రెండు విలువలు: చివరిసారి పంపిన సమయం, ఆ తర్వాత ఆపినవి ఎన్ని. రికార్డు వచ్చినప్పుడు ఫిల్టర్ ఫంక్షన్ చేయవలసిన పని ఈ వరుసలో:

అ. గుర్తు తయారుచేయాలి.
ఆ. టైమ్ మాడ్యూల్‌లోని మోనోటోనిక్ గడియారంలో ఇప్పటి సమయం చూడాలి.
ఇ. లాక్ పట్టుకోవాలి. కింది పనులన్నీ లాక్ లోపలే.
ఈ. ఈ గుర్తు డిక్షనరీలో లేకపోతే, ఇప్పటి సమయాన్నీ సున్నానూ రాసి, ట్రూ (అంటే పంపు) ఇవ్వాలి.
ఉ. ఉండి, విరామం దాటితే, ఆపినవాటి లెక్కను రికార్డుకు కొత్త గుణంగా తగిలించి, లెక్కను సున్నా చేసి, సమయం మార్చి, ట్రూ ఇవ్వాలి.
ఊ. విరామం దాటకపోతే లెక్కను ఒకటి పెంచి ఫాల్స్ (అంటే ఆపు) ఇవ్వాలి.

పైహద్దును వేరే ఫిల్టర్‌గా రాయకండి. మొదటి ఫిల్టర్ ‘పంపాను’ అని రాసుకున్నాక రెండోది ఆపేస్తే, పోని కబురు పోయినట్టు నమోదై 15 నిమిషాలు మూగబోతుంది. ఇదే ఫంక్షన్‌లో, ట్రూ ఇచ్చే రెండు చోట్లా, ఏదైనా రాసుకునే ముందే పైహద్దు చూడండి.

ఈ చిన్న ఫంక్షన్‌లో కాళ్లు జారే చోట్లు కొన్ని ఉన్నాయి.

గోడ గడియారం వాడకండి. సర్వర్ సమయాన్ని ఎవరైనా వెనక్కి సరిదిద్దితే, ‘చివరిసారి పంపిన సమయం’ భవిష్యత్తులో పడి, ఆ తేడా పూడేవరకూ కబుర్లు రావు. మోనోటోనిక్ ఎప్పుడూ వెనక్కి నడవదు.

మోనోటోనిక్ వాడినా, గుర్తు లేనప్పుడు ‘చివరి సమయం సున్నా అనుకుందాం’ అని సులువు దారి తొక్కకండి. లినక్స్‌లో ఆ గడియారం యంత్రం లేచినప్పటి నుంచి లెక్కపెడుతుంది. ఇప్పుడే లేచిన సర్వర్‌లో అది 40 సెకన్లు చూపిస్తుంటే, 40లోంచి సున్నా తీసేస్తే 900 రాదు కాబట్టి మొట్టమొదటి తప్పునే మీ ఫిల్టర్ మింగేస్తుంది. సర్వర్ తిరిగి లేచిన వెంటనే వచ్చే తప్పుల కంటే ముఖ్యమైనవి ఉంటాయా? నా మొదటి ప్రయత్నంలో సరిగ్గా ఇదే చేశాను. మీ సొంత కంప్యూటర్ రోజుల తరబడి నడుస్తూ ఉంటుంది కాబట్టి అక్కడి పరీక్షలో ఇది దొరకదు.

లాక్ అక్కరలేదని వదిలేయకండి. హ్యాండ్లర్‌కు సొంత లాక్ ఉంది, నిజమే. కానీ పైథాన్ ముందు ఫిల్టర్లను అడిగి, ఆ తర్వాతే ఆ లాక్ పట్టుకుంటుంది. మీ డిక్షనరీకి ఆ రక్షణ అందదు.

రికార్డు పాఠాన్ని ఫిల్టర్‌లో మార్చకండి. అదే రికార్డు ఫైలు హ్యాండ్లర్‌కు కూడా వెళుతుంది, అక్కడా మారిన పాఠమే పడుతుంది. కొత్త గుణం తగిలించడం వరకూ సరే.

డిక్షనరీ అదేపనిగా పెరగకుండా చూడండి. గుర్తుల సంఖ్య 1,000 దాటితే పాతవాటిని తీసేయండి. అంతకు చేరిందంటే మీ గుర్తులో ఆర్డరు నంబరు లాంటిదేదో దూరిందన్న మాట, 3వ మెట్టుకు వెనక్కి వెళ్లండి.

ఫిల్టర్ లోపలి నుంచి లాగ్ చేయకండి. తన తోకను తానే మింగుతుంది.

6. సరైన చోట తగిలించండి

మెయిల్ హ్యాండ్లర్‌కు తగిలించండి, లాగర్‌కు కాదు. రెండు కారణాలు. లాగర్‌కు తగిలిస్తే ఫైలు లాగ్ కూడా ఆగిపోతుంది. అంతకంటే తెలియకుండా ముంచేది ఇంకొకటి: లాగర్‌కు తగిలించిన ఫిల్టర్ ఆ లాగర్‌లో నేరుగా పుట్టిన రికార్డులనే చూస్తుంది, కింది లాగర్ల నుంచి పైకి పాకివచ్చినవాటిని చూడదు. అందుకే రూట్ లాగర్‌కు ఫిల్టర్ పెట్టి ‘అస్సలు పనిచేయడం లేదు’ అని తల పట్టుకునేవాళ్లు ఇంతమంది.

మెయిల్ హ్యాండ్లర్ స్థాయిని ఎర్రర్‌గా ఉంచండి. జాంగోలో అయితే నిర్వాహకులకు మెయిల్ పంపే హ్యాండ్లర్‌కు ఇప్పటికే ఉన్న ‘డీబగ్ లేనప్పుడే’ అన్న ఫిల్టర్‌ను తీసేయకుండా, దాని పక్కన మీది చేర్చండి.

7. ఆపినవాటి లెక్క మెయిల్‌లో కనిపించాలి

ఈ మెట్టును చాలామంది ఎగ్గొడతారు. లెక్క లేని కళ్లెం అబద్ధం చెబుతుంది. గంటకు నాలుగుసార్లు జరిగే తప్పుకూ, నాలుగు వేలసార్లు జరిగేదానికీ ఒకేలాంటి మెయిలే వస్తే ఏది తీవ్రమో మీకెలా తెలుస్తుంది? లినక్స్ కెర్నల్ తన సందేశాలను మామూలుగా 5 సెకన్లకు 10కి కట్టడి చేస్తుంది, కానీ ఎన్ని ఆపిందో ఆ తర్వాత వరుసలో చెబుతుంది. మీరూ అలాగే చేయండి.

మెయిల్ హ్యాండ్లర్‌కు వేసే ఫార్మాటర్‌లో (రికార్డును పాఠంగా మలిచే భాగంలో) ఆ కొత్త గుణం పేరు చేర్చండి. మొదటిసారి పంపేటప్పుడు కూడా దాన్ని సున్నాగా తగిలించడం మరచిపోవద్దు. గుణం లేని రికార్డు వస్తే ఫార్మాటర్ తప్పు ఇస్తుంది, ఆ తప్పు ఎర్రర్ తెరమీద ఎక్కడో పడుతుంది, మెయిల్ మాత్రం పోదు.

లెక్క మెయిల్ శీర్షికలోనే కనిపించాలంటే ఎస్‌ఎంటీపీ హ్యాండ్లర్ నుంచి కొత్త క్లాసు తీసుకుని గెట్‌సబ్జెక్ట్ ఫంక్షన్‌ను తిరిగి రాయండి. శీర్షికలో సందేశం పాఠం కూడా పెట్టాలని ఉంటే మొదటి వరుసను మాత్రమే, 80 అక్షరాల వరకే తీసుకోండి. శీర్షికలో కొత్త వరుస గుర్తు ఉంటే మెయిల్ తయారీయే విఫలమవుతుంది.

ఒక లోటు మిగులుతుంది. తప్పు ఆగిపోతే చివరి విడత లెక్క ఎప్పటికీ రాదు, ఎందుకంటే దాన్ని మోసుకొచ్చే తర్వాతి రికార్డు లేదు. ఫైలు లాగ్ ఉంది కాబట్టి నేను సరిపెట్టుకున్నాను. సరిపెట్టుకోలేనివాళ్లు నిమిషానికోసారి డిక్షనరీని చూసి మిగులు లెక్కలు పంపే థ్రెడ్ ఒకటి పెట్టుకోవచ్చు.

8. ప్రాసెస్‌లు ఎక్కువైతే

గునికార్న్ అనే పైథాన్ వెబ్ సర్వర్ కింద నాలుగు వర్కర్ ప్రాసెస్‌లు నడుస్తుంటే నాలుగు డిక్షనరీలు ఉంటాయి, ఒక్క తప్పుకు నాలుగు మెయిళ్ల వరకూ వస్తాయి. నాలుగైతే భరించండి, ఏమీ చేయకండి. నలభై అయితే ఉమ్మడి లెక్క కావాలి. ఇప్పటికే రెడిస్ (ప్రాసెస్‌లన్నీ పంచుకోగల డేటాబేస్) ఉన్నవాళ్లకు ఇది తేలిక: గుర్తును పేరుగా పెట్టి, ‘లేకపోతేనే పెట్టు, 900 సెకన్లకు దానంతట అదే పోవాలి’ అన్న షరతులతో ఒకే ఆదేశం ఇవ్వండి. పెట్టగలిగిన ప్రాసెసే మెయిల్ పంపుతుంది. ముందు ఉందో లేదో చూసి తర్వాత పెట్టడం అని రెండు ఆదేశాలుగా విడగొడితే ఇద్దరు ఒకేసారి దూరిపోతారు.

గుర్తును కుదించడానికి పైథాన్ సొంత హ్యాష్ ఫంక్షన్ వాడకండి. స్ట్రింగులకు అది విడివిడిగా మొదలైన ప్రాసెస్‌లలో వేరువేరు విలువలు ఇస్తుంది. హ్యాష్‌లిబ్ వాడండి. రెడిస్ అందకపోతే పాత డిక్షనరీకే తిరిగి వచ్చేలా రాసుకోండి, రెడిస్ పడిపోయిందన్న కబురు రెడిస్ లేక ఆగిపోతే అంతకంటే నగుబాటు లేదు.

వేరే దారులు, వాటి గుంటలు

మెమరీ హ్యాండ్లర్‌ను ముందు పెడితే గుత్తగా ఒకే మెయిల్ వస్తుందని చాలామంది నమ్మకం. రాదు. అది పోగుచేసిన రికార్డులను ఒక్కొక్కటిగానే అవతలికి అందిస్తుంది, వంద పోగైతే వంద మెయిళ్లు. పైగా మామూలుగా ఎర్రర్ స్థాయి రికార్డు రాగానే ఖాళీ అవుతుంది, అంటే ఎర్రర్ల విషయంలో పోగుచేయడమే ఉండదు. ఒకే మెయిల్ కావాలంటే ఫ్లష్ ఫంక్షన్‌ను తిరిగి రాయాలి.

మెయిల్ పంపేటప్పుడు ప్రోగ్రాం ఆగకుండా, రికార్డులను క్యూలో పెట్టి వేరే థ్రెడ్‌లో పంపే క్యూ హ్యాండ్లర్, క్యూ లిజనర్ జోడీ మంచిదే. అయితే లిజనర్ మామూలుగా హ్యాండ్లర్ల స్థాయిని పట్టించుకోదు, రెస్పెక్ట్ హ్యాండ్లర్ లెవెల్ అన్న విలువను ట్రూ చేయకపోతే ఇన్ఫో సందేశాలు కూడా మెయిళ్లవుతాయి. క్యూలోకి వెళ్లేటప్పుడు ఎక్సెప్షన్ సమాచారం పాఠంగా మారి అసలుది తొలగిపోతుంది కాబట్టి గుర్తును క్యూకు ముందే తయారుచేసి రికార్డుకు తగిలించి పంపండి.

జావా వాళ్లకు ఇంత శ్రమ లేదు. లాగ్‌ఫోర్‌జే 2 అనే లాగింగ్ లైబ్రరీలో బర్స్ట్ ఫిల్టర్ సిద్ధంగా ఉంది, సెకనుకు ఎన్ని అన్నది మామూలుగా 10. కానీ అది రకాన్ని చూడదు, మొత్తాన్ని లెక్కపెడుతుంది. లాగ్‌బ్యాక్‌లోని డూప్లికేట్ మెసేజ్ ఫిల్టర్ పాఠాన్ని చూస్తుంది, సమయాన్ని చూడదు.

9. పనిచేస్తోందో లేదో పరీక్షించండి

ఉత్తుత్తి మెయిల్ సర్వర్‌ను లేపి, విరామాన్ని 10 సెకన్లకు తగ్గించి, ఈ నాలుగూ నడపండి.

మొదటిది: లూప్‌లో ఒకే తప్పును 1,000 సార్లు ఆగకుండా లాగ్ చేయండి. లూప్ పది సెకన్లలోపు ముగిస్తే ఒక్క మెయిల్ రావాలి, ఫైలులో 1,000 వరుసలు ఉండాలి. ఫైలులో తగ్గితే ఫిల్టర్ లాగర్‌కు తగిలినట్టు.

రెండోది: సెకనుకొకటి చొప్పున 35 సార్లు. నాలుగు మెయిళ్లు రావాలి. మొదటిదానిలో లెక్క 0, మిగతా మూడింటిలో తొమ్మిదేసి. పంపినవి 4, ఆపి చెప్పినవి 27, ఇంకా చెప్పనివి 4, మొత్తం 35. ఈ కూడిక సరిపోకపోతే లెక్కను సున్నా చేసే చోట తేడా ఉంది.

మూడోది: మొదటి పరీక్ష నడుస్తుండగానే వేరే రకం తప్పు ఒక్కటి. అది వెంటనే రావాలి. రాకపోతే గుర్తు మరీ వెడల్పుగా ఉంది. దీన్ని రెండు వేర్వేరు ఎక్సెప్షన్లను ఒకే చోట పట్టుకునేలా కూడా నడపండి.

నాలుగోది: ఎనిమిది థ్రెడ్లు ఒకేసారి ఒకే తప్పు. ఒక్క మెయిలే రావాలి. అప్పుడప్పుడు రెండు వస్తుంటే లాక్ తప్పు చోట ఉంది. ఇది ఒకసారి నడిపి వదలకండి, ఇరవై సార్లు నడపండి.

విరామాన్ని తిరిగి 900 చేయడం మరచిపోకండి. నవ్వకండి, ఇది కూడా జరిగింది.

సర్వర్‌లోకి పంపాక మొదటి వారం రోజూ ఒకసారి ఫైలు లాగ్‌లోని ఎర్రర్ వరుసల సంఖ్యనూ, వచ్చిన మెయిళ్ల సంఖ్యకు వాటిలోని లెక్కలను కలిపితే వచ్చే మొత్తాన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. మీ లాగ్ ఫైలులోకి కాక లినక్స్ సర్వర్ల ఉమ్మడి లాగ్ అయిన సిస్టమ్‌డీ జర్నల్‌లోకి వెళుతుంటే ఒక మాట: దాన్ని నడిపే జర్నల్‌డీకి సొంత కళ్లెం ఉంది. మామూలు సెట్టింగు ఒక్కో సేవకు 30 సెకన్లకు 10,000 సందేశాలు, డిస్కులో ఖాళీని బట్టి ఆ హద్దు కొన్ని రెట్లు పెరుగుతుంది, అది దాటితే ఆపేస్తుంది, ఎన్ని ఆపిందో తన వరుసలోనే రాస్తుంది. మీ రెండు అంకెలు కలవకపోతే ఫిల్టర్‌ను తిట్టే ముందు జర్నల్‌లో ఆ వరుస ఉందేమో వెతకండి.